నౌకావిద్యా పునరుద్ధరణ: గ్రంథం, గురువు, వృక్షం

హస్తకౌశలంతో కూడిన విద్యకు గ్రంథం ప్రమాణమా, ప్రయోగం ప్రమాణమా అనే మీమాంస భారతీయ సారస్వతంలో ప్రాచీనమైనదే. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో గణదాస హరదత్తులనే నాట్యాచార్యులు తమలో ఎవరు అధికులో తేల్చవలసిందని రాజును ఆశ్రయించినప్పుడు, ఆచార్యుల వాదాన్ని కాక శిష్యుల ప్రయోగాన్నే పరీక్షించాలని పరివ్రాజిక నిర్ణయించింది. తనలో విద్య ఉండటం ఒక గుణం, దానిని పరులలో ప్రతిష్ఠించగలగటం వేరొక గుణం; రెండూ గలవాడే ఉత్తమాచార్యుడని అక్కడి సిద్ధాంతం. ఇది రంగస్థలానికే పరిమితమైనది కాదు. గడచిన అర్ధశతాబ్దంలో పసిఫిక్ మహాసముద్రపు దీవులలోను, ఉత్తర అమెరికా తీరంలోను మూలవాసి జాతులు తమ నౌకానిర్మాణ విద్యను తిరిగి నిలబెట్టుకున్న చరిత్ర ఈ సిద్ధాంతానికి ప్రబలమైన నిదర్శనం.

పాలినీషియా దీవులకు మానవులు బుద్ధిపూర్వకంగా కాక, గాలివాటున కొట్టుకొని వచ్చి చేరారని 1956లో ఆండ్రూ షార్ప్ వాదించాడు. ఈ వాదానికి గ్రంథరూపమైన ఖండనలు రాకపోలేదు. అయితే నిర్ణాయకమైన సమాధానం సముద్రం మీదనే లభించింది. 1973లో హవాయిలో బెన్ ఫిన్నీ, హెర్బ్ కానె, టామీ హోమ్స్ అనే ముగ్గురు పాలినీషియన్ నౌకాయాన సంఘాన్ని స్థాపించారు. వారు నిర్మింపజేసిన ‘హోకులేఅ’ అనే జంట పడవ 1975 మార్చిలో జలప్రవేశం చేసింది. పడవ సిద్ధమైనది కాని, పరికరాల సహాయం లేకుండా నక్షత్రాలను, తరంగగతిని, పక్షుల సంచారాన్ని గమనించి దానిని నడపగలవారు హవాయిలో ఒక్కరైనా మిగలలేదు. ఆ విద్య మైక్రోనీషియాలోని సతవాల్ అనే చిన్న దీవిలో మౌ పియైలుగ్ అనే నావికుని వద్ద సజీవంగా ఉంది. ఆయన మార్గదర్శకత్వంలో ఆ పడవ 1976 మే 1న హవాయి నుండి బయలుదేరి, సుమారు 4,000 కిలోమీటర్లు ప్రయాణించి, జూన్ 4న తాహితీ చేరుకొన్నది.

ఆ యాత్ర కన్న గమనింపదగినది పియైలుగ్ ఆ తరువాత చేసిన నిర్ణయం. సతవాల్‌లో ఆ విద్య వంశపరంపరాగతం, గోప్యం. పరులకు దానిని బోధించటం స్వజనుల విమర్శకు పాత్రమైంది. అయినా తన దీవి యువకులు దానిపట్ల విముఖులౌతున్నారని గ్రహించిన ఆయన, అధికారి అయిన శిష్యుడు దొరికినచోట విద్యను నాటటమే మేలని భావించాడు. 1979లో మళ్ళీ హవాయి వచ్చి నైనోవా థాంప్సన్‌కు శిక్షణ ఇచ్చాడు. 1980లో ఆ శిష్యుడు పరికరాలు లేకుండానే తాహితీకి వెళ్ళి తిరిగివచ్చాడు. 2007లో సతవాల్‌లో జరిగిన ‘ప్వో’ అనే దీక్షాసంస్కారంలో ఐదుగురు హవాయివాసులకు పియైలుగ్ నావికాచార్య పదవిని ప్రసాదించాడు. 2010లో ఆయన మరణించే నాటికి విద్య మరొక దీవిలో వేరూనింది. గోప్యత విద్యను రక్షిస్తుందనటం నిజమే. కాని స్వీకర్త లేనప్పుడు ఆ గోప్యతయే విద్యకు సమాధి అవుతుంది. వేదశాఖలు అనేకం అంతరించిన దేశంలో ఈ సత్యాన్ని వేరుగా నిరూపించవలసిన పని లేదు.

హోకులేఅ దేహం ప్లైవుడ్‌తోను, ఫైబర్‌గ్లాస్‌తోను నిర్మితమైనది కనుక అది పునరుద్ధరణ ఎలా అవుతుందని ఒక ఆక్షేపం ఉన్నది. ఈ ఆక్షేపం న్యాయమైనదే. ఆ సంఘమే దానిని అంగీకరించి, 1990 ప్రాంతంలో సంప్రదాయ ద్రవ్యాలతో ‘హవాయిలోవా’ అనే మరొక పడవను సంకల్పించింది. అప్పుడు బయటపడిన వాస్తవం శోచనీయం. పడవకు చాలినంత పెద్దది, దోషరహితమైనది అయిన కోవా వృక్షం ఆ దీవుల అడవులలో లభించలేదు. నరికివేత వలన, పశువుల మేత వలన అడవి క్షీణించిపోయింది. చివరకు ఆగ్నేయ అలాస్కా మూలవాసుల సంస్థ సీఅలాస్కా సుమారు 400 సంవత్సరాల వయస్సు గల రెండు స్ప్రూస్ మానులను దానమిచ్చింది. 1993లో ఆ పడవ నీట దిగింది. వృక్షం లేనిచోట గురువు ఏమి చేయగలడు, గ్రంథం ఏమి చెప్పగలదు?

హవాయి నౌకాశిల్పులు మానును ఎన్నుకొనే పద్ధతి కూడ ఇక్కడ స్మరణీయం. నరికిన కోవా మాను మీద ఎలెపాయో అనే చిన్న పక్షి వాలి ముక్కుతో పొడుచుకొని తింటే, లోపల పురుగు పట్టినదని నిర్ణయించి దానిని వదిలివేసేవారు. ఆచారంగా కనిపించేది నిజానికి పరిశీలన. వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశాధ్యాయం ప్రతిమకు తగిన వృక్షాన్ని ఎన్నుకొనే విధిని చెప్పుతూ, చెట్టు మీద నివసించే భూతాలను పూజించి వేరొకచోటికి వెళ్ళవలసిందిగా ప్రార్థించమంటుంది. రెండు సంప్రదాయాలకు చారిత్రక సంబంధం ఉన్నదని దీనివలన సిద్ధించదు. వృక్షాన్ని కేవలం దారువుగా చూడని దృష్టి రెండింటా ఉన్నదని మాత్రం సిద్ధిస్తుంది.

కెనడా పశ్చిమ తీరంలోని హైదా జాతి చరిత్ర మరింత కఠినమైనది. 1862 నాటి మశూచి తీరవాసులను అపారంగా బలిగొన్నది. పాట్‌లాచ్ అనే వారి దానోత్సవం 1880లలో నిషిద్ధమై, 1951 వరకు నిషిద్ధంగానే ఉండిపోయింది. ఉత్సవం పోతే ఉత్సవానికి వెళ్ళే పెద్ద దోనెల అవసరం పోయింది; అవసరం పోతే శిల్పం పోయింది. బిల్ రీడ్ నేతృత్వంలో 1986లో ‘లూ తాస్’ అనే సుమారు 15 మీటర్ల దేవదారు దోనె సిద్ధమయ్యే నాటికి శిల్పులకు పూర్వపు దోనెలను కొలిచి చూసుకొని నేర్చుకొనటమే శరణ్యమైంది.

ఆ శిల్పంలోని సూక్ష్మత గుర్తింపదగినది. ఒకే మానును తొలిచి, అందులో నీరు నింపి, ఎర్రగా కాల్చిన రాళ్ళు వేసి, పైన కప్పుతారు. ఆవిరికి కొయ్య మెత్తబడగా ప్రక్కలను మెల్లగా వెడల్పు చేసి అడ్డుకర్రలు బిగిస్తారు. ప్రక్కలు విచ్చుకొన్నకొద్దీ ముందు, వెనుక కొనలు పైకి లేస్తాయి. గోడ మందం సమంగా లేకుంటే మాను చీలిపోతుంది. అందుకే తీరశిల్పులు వెలుపలి నుండి సన్నని రంధ్రాలు చేసి, నియతమైన పొడవు గల చీలలు దిగగొట్టి, లోపల తొలిచేటప్పుడు చీల కొన కనబడినచోట ఆగుతారు. ఇంతవరకు గ్రంథం చెప్పగలదు. ఆవిరి పట్టిన కొయ్య ఏ క్షణంలో ఒంగటానికి సిద్ధంగా ఉన్నదో చేయి మాత్రమే చెప్పగలదు.

ఇట్లని గ్రంథం నిష్ప్రయోజనం కాదు. తూర్పు కెనడాలో ఎడ్విన్ టాపన్ ఆడ్నీ 1880ల చివర మాలిసీట్ జాతి శిల్పి వద్ద భూర్జపు బెరడు పడవల నిర్మాణాన్ని పరిశీలించి, జీవితమంతా కొలతలు సేకరించి, నూరుకు పైగా నమూనాలు చేశాడు. ఆయన 1950లో మరణించగా, హోవర్డ్ చాపెల్ పరిష్కరించిన గ్రంథం 1964లో స్మిత్సోనియన్ సంస్థ ద్వారా వెలువడింది. పరంపర తెగిన అనేక చోట్ల కొత్త శిల్పులకు అదే తొలి ఆధారమైంది. కనుక పరంపర ఉన్నంతవరకు గ్రంథం దానికి సాక్షి. పరంపర తెగినప్పుడు వారధి. అది పరంపరకు ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

ప్రాచ్య విద్యాసంస్థలు ఈ వివేకాన్ని స్వీకరించవలసి ఉంది. భోజునికి ఆరోపితమైన యుక్తికల్పతరువును 1912లో రాధాకుముద్ ముఖర్జీ భారతీయ నౌకాచరిత్ర గ్రంథం ప్రచారంలోకి తెచ్చింది. నౌకలలో సామాన్య, విశేష భేదాలు, కొయ్యలో జాతిభేదాలు, సముద్రనౌకలలో ఇనుము వాడరాదనే నిషేధం అందులో ఉన్నాయి. నాటి నుండి విద్వాంసులు వాటిని ఉదాహరిస్తూనే ఉన్నారు. అయితే ఆ శ్లోకాలతో మాత్రమే ఒక్క పలకనైనా మరొక పలకతో కూర్చటం అసాధ్యం. ఇనుము వద్దని గ్రంథం చెప్పింది. తాడుతో ఎట్లా కుట్టాలో కేరళ శిల్పుల చేతులు దాచుకొన్నాయి. అజంతా చిత్రం రూపాన్ని ఇవ్వగా, ఆ శిల్పులు కొబ్బరినార తాళ్ళతో కుట్టిన ‘కౌండిన్య’ నౌక 2025 మే నెలలో భారత నౌకాదళంలో చేరింది. చిత్రం, శాస్త్రం, హస్తం మూడూ కలిసినప్పుడే ఫలం సిద్ధించిందనటానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

శాతవాహన నాణెం మీద రెండు కొయ్యల ఓడ బొమ్మను చూసి గర్వించే తెలుగువారు, అదే తీరంలో ఇనుప మేకు లేకుండా కుట్టిన మసూలా పడవలు ఎందుకు మరుగునపడ్డాయో కూడ విచారించాలి. పండితుడు వృత్తికారుని ముందు కూర్చుని వినటం తెలుగునాట అపూర్వమేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు ఆ పద్ధతికి ఆదర్శాలు. ఆ అడుగు ఇంకా ముందుకు పడాలి. పదాన్ని సేకరించి పనిని వదిలివేస్తే మిగిలేది శబ్దమే. నౌకాశాస్త్ర గ్రంథాన్ని పరిష్కరించే విద్వాంసుడు పడవలు కట్టే వడ్రంగి సమక్షంలో దానిని చదవాలి. పరిశోధక విద్యార్థికి ఇచ్చే వేతనం వంటిదే ఆ వడ్రంగి వద్ద పని నేర్చుకొనే యువకునికీ ఆ కొన్ని సంవత్సరాల పాటు లభించాలి. పడవకు తగిన చెట్లను నేడే నాటాలి. వాటిని నరికేవారు నాటేవారి మనుమలు అవుతారు.

యంత్రపు పడవలు వచ్చిన కాలంలో ఇదంతా దేనికని ప్రశ్నించేవారు ఉంటారు. పాత పడవ కొత్త పడవకు పోటీ కాదు. దానితోపాటు నక్షత్రాల పేర్లు, అలల లక్షణాలు, చెట్ల గుణదోషాలు, వాటిని చెప్పే భాష నిలుస్తాయి. అది పోతే అవన్నీ పోతాయి. వస్తుప్రదర్శనశాలలో అద్దం వెనుక నిలిచిన పడవ విద్య ఒకప్పుడు ఉన్నదని మాత్రమే చెప్పుతుంది. ఆ విద్య ఇప్పుడూ ఉన్నదని చెప్పగలిగినది శిష్యుడు కట్టి నీట దింపిన పడవ ఒక్కటే. పరివ్రాజిక నాడు చేసిన నిర్ణయం నేటికీ శిరోధార్యం.