గుర్రుమంటే కొట్టకండి.. అది హెచ్చరిక!

‘మన కుక్కే డాక్టరుబాబూ, ఎప్పుడూ ఇలా చెయ్యలేదు!’ కుక్కకాటు టీకా కోసం వచ్చేవాళ్ల నోట నేను తరచూ వినే మాట ఇది. కాటు అనగానే మనకు వీధికుక్కే గుర్తొస్తుంది. కానీ ప్రాణంగా పెంచుకునే కుక్క కరిచి వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. అందులోనూ పిల్లలు ఎక్కువ.

ఆ మధ్య ఓ ఆదివారం సాయంత్రం ఏడేళ్ల బాబును తీసుకొచ్చారు. కుటుంబమంతా కళింగపట్నం బీచ్‌కు వెళ్లారు, వెంట వాళ్ల లాబ్రడార్ కూడా. భోజనాలయ్యాక కుక్క ఓ బొమిక కొరుక్కుంటుంటే బాబు ఆడుతూ ఆడుతూ దాన్ని లాగబోయాడు. అరచేతిలో రెండు పళ్లు దిగాయి. కట్టు కడుతుంటే తాతగారు చెప్పిన మాట నేను మర్చిపోలేదు. ‘ఇదివరకు తినీటప్పుడు దగ్గిరికెళ్తే గుర్రుమనీది బాబూ. నాలుగు తగిలించి మాన్పించీసాం. ఏడాదై నోరెత్తలేదు. ఇవాళ చప్పుడైనా చెయ్యకుండా కరిచీసింది.’

మొత్తం జబ్బు ఆ మాటల్లోనే ఉంది. గుర్రుమనడం కుక్క పొగరు కాదు. ‘నాకు భయంగా ఉంది, దూరంగా ఉండు’ అని అది చెప్పే భాష అది. ఆ ఇంట్లో దెబ్బలతో పోయింది భయం కాదు, హెచ్చరిక. జ్వరానికి కారణం వెతక్కుండా మాత్ర వేసి ‘తగ్గిపోయింది’ అనుకోవడం లాంటిదే ఇది. లోపల జబ్బు అలాగే ఉంది, బయటికి కనిపించే గుర్తు మాత్రం పోయింది. ‘మొరిగే కుక్క కరవదు’ అంటారు. నా అనుభవంలో అసలు ప్రమాదం మొరగడం మాన్పించిన కుక్కతోనే.

నేర్పేది మనమే

నేను మనుషుల డాక్టర్ని, పశువైద్యుణ్ని కాను. కానీ కుక్కలు ఎలా నేర్చుకుంటాయో ఎంబీబీఎస్ తొలి ఏడాదిలోనే చదువుకున్నాం. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ ప్రయోగాల్లోనే ఆయన ఓ సంగతి గమనించారు. తిండి నోట్లో పడకముందే, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు లాలాజలం ఊరేది. కుక్క ప్రతి క్షణం ‘దీని తర్వాత ఏమొస్తుంది?’ అని లెక్కగట్టుకుంటూనే ఉంటుంది. మనం నేర్పుతున్నామని అనుకోని వేళల్లో కూడా!

కళింగపట్నం తీరంలో ఒక్క గంట నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. పడవలు ఒడ్డుకొచ్చి వలలు దులిపేటప్పుడు అక్కడి కుక్కలు కాస్త దూరంలో కూర్చుంటాయి. ఓపికగా ఉన్నదానికి పనికిరాని చేప దొరుకుతుంది. వల మీద పడినదానికి ఏమీ దొరకదు. అవి ఆ లెక్క నేర్చుకున్నాయి. అదే ఒడ్డున ఆదివారం మనం ఏం చేస్తాం? చుట్టుముట్టి మీదికొచ్చే కుక్కలకు భయపడి, మిగిలిన బిర్యానీ విసిరేస్తాం. ‘మీద పడితే తిండి దొరుకుతుంది’ అని పాఠం చెప్పేది మనమే. వచ్చే ఆదివారం ఆ పాఠం చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పట్టుకున్న ఇంకొకరి పాప మీద పనిచేస్తుంది.

ఇంట్లోనూ అంతే. ‘దెబ్బకు దెయ్యం దిగొస్తుంది’ అన్న మాట కుక్కల విషయంలో తప్పు. కర్ర నేర్పేది కర్రకు భయపడటాన్నే. కర్ర లేని మనిషి, అంటే ఇంట్లో పసివాడో, అమ్మమ్మో ఎదురైనప్పుడు ఆ భయమే కోపంగా బయటికొస్తుంది. చేయకూడనిదానికి కొట్టడం కంటే చేయాల్సింది చేసినప్పుడు మెచ్చుకుని బహుమతి ఇవ్వడమే సరైన పద్ధతి.

ఏం చేయాలి?

తినేటప్పుడు గుర్రుమంటే: గిన్నె లాక్కోకండి. కాస్త దూరం నుంచి నడిచి వెళ్తూ ఓ ఉడికించిన చికెన్ ముక్క గిన్నె వైపు వేసి ఆగకుండా వెళ్లిపోండి. కుక్క ఒళ్లు బిగుసుకోకుండా మామూలుగా ఉంటేనే రోజురోజుకూ కాస్త దగ్గరగా వెళ్లండి. ‘ఈ మనిషి వస్తే నా తిండి పోదు, ఇంకొంచెం వస్తుంది’ అని దానికి అర్థం కావాలి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలు దగ్గరికి వెళ్లకూడదన్నది ఇంటి నియమం కావాలి.

మీదికి ఎగిరితే: మోకాలితో తోయడం, అరవడం కూడా దానికి ఆటే. పక్కకు తిరిగి ఊరుకోండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టిన క్షణంలో పలకరించండి. ఇంటిల్లిపాదీ ఇదే పాటించాలి. నాన్న వద్దన్నది తాతయ్య ముద్దు చేస్తే కుక్కకు ఏదీ అర్థం కాదు.

పిల్ల కొరుకుతుంటే: నాలుగో నెల నుంచి ఆరేడో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్లు సలుపుతాయి. చేతులు, చీరకొంగులు ఇచ్చి ఆడించకుండా కొరుక్కునే బొమ్మ ఇవ్వండి. చేయి కొరికితే ఆట ఆపి లేచి వెళ్లిపోండి.

ఇంట్లో తడిపితే: మూతిని అందులో రాయడం క్రూరత్వం, పైగా పనికిరాదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక వెంటనే బయటికి తీసుకెళ్లండి. పని అయిన మరుక్షణం బహుమతి ఇవ్వండి. ఇల్లు చేరాక ఇస్తే అది దేనికిచ్చారో దానికి తెలియదు.

చెప్పులు కొరికేస్తే: మనం ఇంటికొచ్చేసరికి తల దించుకుని చెవులు వెనక్కి పెట్టిన కుక్కను చూసి ‘తప్పు తెలుసు దీనికి’ అంటాం. 2009లో అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ దీన్ని పరీక్షించారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానికీ ఆ ముఖానికీ సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడే ఆ వాలకం ఎక్కువ. అది పశ్చాత్తాపం కాదు, మన ముఖం చూసి భయం. ఎప్పుడో చేసినదానికి ఇప్పుడు కొట్టి ప్రయోజనం లేదు. చెప్పులు ఎత్తిపెట్టుకోవడం తేలిక.

అదే పనిగా మొరిగితే: కారణం చూడండి. రోజంతా గొలుసుతో కట్టేసిన కుక్కకు మొరగడం తప్ప పనేముంది? పొద్దున, సాయంత్రం నడకకు తీసుకెళ్తే చాలా ఇళ్లలో సగం గొడవ తగ్గుతుంది.

మొక్కగా ఉన్నప్పుడే

మూడో వారం నుంచి సుమారు పధ్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. ఆ రోజుల్లో పిల్లలు, ముసలివాళ్లు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, ఆటో చప్పుడు అన్నీ మెల్లగా, భయపెట్టకుండా చూపించాలి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దించకుండా ఎత్తుకునైనా చూపించవచ్చు. ఎనిమిది వారాల లోపు తల్లి నుంచి వేరుచేసిన పిల్లను మాత్రం తెచ్చుకోకండి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పో అది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది.

అన్నీ బిస్కెట్లతో నయమవుతాయని నేను అనను. నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి కోపిష్టిగా మారితే చెవిపోటో, కీళ్లనొప్పో ఉండొచ్చు. చొంగ కారుస్తూ, గొంతు మారి, మింగలేకపోతుంటే రేబిస్ అని అనుమానించాలి. దాన్ని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. ఇప్పటికే గాయం చేసిన కుక్కకు సొంత ప్రయోగాలు వద్దు. ఇక ఎంత మంచి కుక్కయినా పసిబిడ్డతో ఒంటరిగా వదలకూడదు.

కరిస్తే మాత్రం..

‘ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా’ అని ఊరుకోవద్దు. పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసర్లు పెట్టకండి. ఆ రోజే ఆస్పత్రికి రండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో తొలిరోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం కారేలా కరిస్తే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. రేబిస్ లక్షణాలు మొదలైతే బతికే అవకాశం దాదాపు లేదు. మీ కుక్కకు మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం బూస్టర్లు తప్పనిసరి.

ఆ బాబు చేయి మానింది. నాలుగు డోసులూ వేయించుకున్నాడు. చివరి డోసు రోజు తాతగారు ‘కుక్కను ఎవరికైనా ఇచ్చీమంటారా?’ అని అడిగారు. ముందు పశువైద్యుడికి చూపించి, తిండి దగ్గర దాని భయం ఎలా పోగొట్టాలో నేర్చుకోమన్నాను. అందాకా పిల్లాణ్ని దూరంగా ఉంచమన్నాను.

మీకూ అదే చెబుతున్నాను. మీ కుక్క ఈసారి గుర్రుమంటే చేయి ఎత్తకండి. ఓ అడుగు వెనక్కి వేసి, అది దేనికి భయపడుతోందో చూడండి. అది మాట్లాడుతున్నంతసేపే మీ పిల్లలకు రక్షణ.