కోడి దాణాకు ఉన్న పరీక్ష మన కూటికి ఏదీ?

మా మైలవరం వైపు కోళ్ల దాణా మిల్లుకు మొక్కజొన్న లోడు వస్తే కొనేవాడు కాటా కంటే ముందు బస్తాకు గొట్టం గుచ్చి గింజలు లాగుతాడు. తేమ చూస్తాడు, బూజు చూస్తాడు, అనుమానం వస్తే అఫ్లటాక్సిన్ పరీక్ష చేయిస్తాడు. ఎక్కువుందని తేలితే బేరమే లేదు. ఈ మెట్ట ప్రాంతంలో పశువైద్యుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ జాగ్రత్త ఎందుకో నాకు తెలుసు. వానకు తడిసిన మిరపకాయ, గోదాంలో ముక్కిన వేరుశనగ మనిషి కంచంలోకి వెళ్తుంటే మాత్రం అడిగేవాడు లేడు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

అఫ్లటాక్సిన్ అంటే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసే విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియక తలలు పట్టుకుంటే, చివరికి కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఆరోగ్యంగా ఉన్న కోడిని కోస్తే కార్జం ముదురెరుపులో నిగనిగలాడుతుంది. బూజు దాణా తిన్న కోడి కార్జం ఉబ్బి, పాలిపోయి, పసుపు తిరిగి, అక్కడక్కడా నెత్తుటి చుక్కలతో ఉంటుంది. వేలితో నొక్కితే చితికిపోతుంది. అలాంటి కార్జాలు చేతిలో పట్టుకుని చూసినవాడు బూజు గింజను తేలిగ్గా తీసుకోలేడు.

మనుషులకూ ఇది కొత్త కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు. 106 మంది చనిపోయారు. పచ్చకామెర్లు, పొట్టలో నీరు. ఆ ఇళ్లలోని కుక్కలకూ అదే జబ్బు. కారణం తేల్చినవాళ్లలో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు.

అది ఒక్కసారిగా ఎక్కువ తిన్నవాళ్ల కథ. నన్ను ఎక్కువగా భయపెట్టేది కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి తినడం. ఒంట్లో చేరిన అఫ్లటాక్సిన్‌ను వదిలించుకోవాలని కాలేయం దాన్ని మారుస్తుంది. ఆ మార్పులో పుట్టే రూపమే వెళ్లి డీఎన్ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కణం రెండుగా చీలేలోగా బాగుచేసుకుంటే సరే. లేదంటే కాపీలో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు ఎక్కడ పడిందన్నదే అసలు ప్రశ్న.

కణంలో పి53 అనే ప్రొటీన్ ఉంది. మామూలు రోజుల్లో కణం దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది, ఎండీఎం2 అనే ఇంకో ప్రొటీన్ దానికి యుబిక్విటిన్ గుర్తు తగిలించి, అరగంట తిరగకుండానే ముక్కలు చేయిస్తూనే ఉంటుంది. ఎందుకీ వృథా అనిపిస్తుంది. వృథా కాదు. డీఎన్ఏకు దెబ్బ తగలగానే ముక్కలు చేయడం ఆగితే చాలు, పి53 త్వరగా పోగుపడి, బాగుచేసుకునేదాకా కణాన్ని చీలనివ్వదు, బాగుపడనిదాన్ని చంపేస్తుంది. అఫ్లటాక్సిన్ ముద్రలా కనిపించే తప్పు పడేది ఈ పి53 జన్యువులోనే. 249వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట సెరైన్ వస్తుంది, ఆ ప్రొటీన్ ఇక డీఎన్ఏను పట్టుకోలేదు. 1991లో చైనాలోని చీదోంగ్ రోగుల కాలేయ గడ్డల్లో దాదాపు సగంలో ఇదే తప్పు దొరికింది. ఏ విషం చేసిన పనో గడ్డే సాక్ష్యం చెబుతోంది.

దీనికి హెపటైటిస్ బి తోడైతే? ఆ వైరస్‌కు హెచ్‌బీఎక్స్ అనే ప్రొటీన్ ఉంది. దెబ్బతిన్న డీఎన్ఏను గుర్తుపట్టే పనిలో ఉండాల్సిన మన డీడీబీ1 ప్రొటీన్‌ను అది లొంగదీసుకుని, డీఎన్ఏ మరమ్మతుకు అవసరమైన ఎస్ఎంసీ5/6ను ముక్కలు చేయిస్తుందని 2016లో బయటపడింది. ఒకటి దెబ్బకొడుతుంది, ఇంకొకటి మరమ్మతుకు అడ్డం పడుతుంది. షాంఘైలో మగవాళ్లపై జరిగిన అధ్యయనంలో అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3 రెట్లకు పైగా, వైరస్ ఒక్కటే ఉంటే 7 రెట్లు. రెండూ ఉంటే 59 రెట్లు. ఈ అంకె చదివాక ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆ వైరస్‌ను అడ్డుకునే టీకా మన తెలుగువాళ్ల చేతిలోనే చవకైంది. వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాద్‌లో హెపటైటిస్ బి టీకా తయారుచేసి, దాని ధర సామాన్యుడికి అందేలా చేసింది. సర్కారు టీకాల్లో దేశమంతటా అది చేరింది 2011కి. అంటే ఇవాళ పొలంలో పనిచేస్తున్న ముప్పై, నలభై, యాభై ఏళ్లవాళ్లలో ఎక్కువమందికి ఆ రక్షణ లేదు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి పరీక్షా, మందులూ ఉచితమే. మాకు దగ్గరలోని ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు కోసం శిబిరాలు పెట్టి రక్తం పరీక్షించారు. అదే రక్తంలో హెపటైటిస్ బి కూడా చూడటానికి ఇంకో సూది అక్కర్లేదు. కళ్లు పచ్చబడితే పసరు పోయించుకోవడానికి పరుగెత్తే మా ఊళ్లవాళ్లను ఒక్కటే బతిమాలుతున్నాను, ముందు ఆ రక్తపరీక్ష చేయించుకోండి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు పడాల్సిన టీకా పడిందో లేదో అడగండి.

ఇక పంట. నందిగామ, జగ్గయ్యపేట మిరప రైతును తప్పుపట్టను. ఎండకు పరిచిన కాయ మీద అకాల వాన పడితే, అర్ధరాత్రి పట్టాలు ఈడ్చుకుంటూ కళ్లానికి పరుగెత్తేది అతనే. 2023 మే నెల వానలకు మొక్కజొన్న రాశులు కళ్లాల్లోనే మొలకెత్తిన సంగతి ఎవరికి గుర్తులేదు? తడిసిన కాయ రంగుమారి తాలు అవుతుంది. తాలు పారెయ్యరు, తక్కువ ధరకు అమ్ముడుపోతుంది, కారప్పొడి అయ్యాక దాన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. ఉడికించినా వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. యూరప్‌కు వెళ్లే మిరపలో మాత్రం అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే ఓడరేవులోనే ఆపేస్తారు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పావుగంటలో అఫ్లటాక్సిన్ ఫలితం చెప్పే చిన్న పరికరాన్ని 2016లోనే చేసి చూపించింది. మిరప కోతలు జనవరికి ఊపందుకుంటాయి. ఆలోగా నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం మార్కెట్ యార్డుల్లో అఫ్లటాక్సిన్ పరీక్ష బల్ల ఒకటి, కాయా గింజా ఆరబెట్టే డ్రయ్యరు ఒకటి పెట్టాలి. ప్రతి మిరప రైతుకు కళ్లానికి సరిపడా పట్టాలు సబ్సిడీ మీద ముందుగానే ఇవ్వాలి, వాన పడ్డాక కాదు. పరీక్షలో తప్పిన సరుకును ప్రభుత్వమే కొని ధ్వంసం చెయ్యాలి. ఆ నష్టం రైతు నెత్తిన వేస్తే తాలు మళ్లీ కారం మిల్లుకే చేరుతుంది.