ఎండ నుంచి కాపాడుకోవలసింది రంగును కాదు, చర్మాన్ని

వేసవి ముదిరిందంటే భువనగిరి ఏకశిల పెనంలా కాగుతుంది. ఆ కొండ నీడన ఉన్న మన ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: “ఎండల తిరగకు బిడ్డా, నల్లబడతవు. రేపు సంబంధాలు రావు.” అదే ఇంట్లో రోజంతా స్లాబు మీద పనిచేసి, మెడ కమిలిపోయి వచ్చిన తండ్రిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

సోదరీమణులారా! నలుపు లోపం కాదు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొంతమేర అడ్డుకొనే కవచం. మనుషుల రంగులు, భాషలు వేర్వేరుగా ఉండటం అల్లాహ్ సూచనలలో ఒకటని దివ్యఖుర్ఆన్ (30:22) తెలుపుతోంది. రంగును బట్టి ఎవరికీ ఆధిక్యం లేదని దైవప్రవక్త (సఅసం) తమ అంతిమ హజ్ ప్రసంగంలో ప్రకటించారు.

అయితే ఆ కవచం సంపూర్ణమైనది కాదు. చామనఛాయ వారికి చర్మ క్యాన్సర్ ముప్పు తక్కువే అయినా, చర్మం కమలడం, మంగు మచ్చలు, అకాలపు ముడతలు తప్పవు. సన్‌స్క్రీన్ ఉన్నది వీటిని తగ్గించడానికే గాని తెల్లబరచడానికి కాదు. తెల్లబరుస్తామని చెప్పే క్రీముల్లో కొన్నింటిలో స్టెరాయిడ్లు ఉంటాయి. వైద్య సలహా లేకుండా నెలల తరబడి పూస్తే చర్మం పలుచనై, ఎండను అసలే తట్టుకోలేదు.

డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మాన్ని కమిలించే ‘బి’ కిరణాల నుంచి రక్షణను తెలుపుతుంది. ఎస్‌పీఎఫ్ 15 వాటిలో సుమారు 93 శాతాన్ని, 30 సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. కనుక 30 చాలు. ముడతలు తెచ్చే ‘ఎ’ కిరణాల కోసం ‘పీఏ’ గుర్తు చూడాలి. ముఖానికి, మెడకు రెండు వేళ్ల పొడవున తీసుకొని, బయలుదేరడానికి పావుగంట ముందు పూయాలి. ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. ఆరు నెలల లోపు పసివారికి నీడే రక్షణ.

వుజూ సంగతి ఏమిటని కొందరు అడుగుతుంటారు. నీటిని చర్మానికి తగలనివ్వని పొర ఉంటే దానిని తొలగించాలి; ఇంకిపోయే పూత అడ్డు కాదు. నీటికి చెదరని మందపాటి రకమైతే సబ్బుతో కడిగి వుజూ చేసుకోవడం మేలు. సందేహముంటే ఆలిమ్‌ను అడగండి. జుహ్ర్ నమాజు తరువాత తిరిగి ఎండలోకి వెళ్లేవారు అప్పుడే మళ్లీ పూసుకోవచ్చు.

క్రీము కొనలేని ఇంటికీ రక్షణ ఉంది. నీడను, వేడి నుంచి కాపాడే వస్త్రాలను అల్లాహ్ తన అనుగ్రహాలుగా పేర్కొన్నాడు (16:81). నిండు చేతుల నూలు చొక్కా, తలకు రుమాలు, పగలు పదకొండు నుంచి మూడు వరకు వీలైనంత నీడ: ఇవి క్రీము కన్నా ముందు రావాలి.

దేహం మన దగ్గరున్న అమానతు. ఈసారి మెడికల్ షాపుకు వెళ్లినప్పుడు, మన ఇంట్లో ఎండలో ఎక్కువసేపు ఉండేది ఎవరో ఒకసారి తలచుకుందాం. పెళ్లీడు కూతురి కన్నా ముందు, ఆ తండ్రికే అది అవసరం కావచ్చు.