మా కారం రుచి, మా చెయ్యి మైలా?

ఆవకాయ గొప్పదా, గోంగూర గొప్పదా? పేపర్ల ఆదివారం పేజీల్లో, టీవీ వంటల్లో ఈ తగువు తెగేది కాదు. 'తెలుగువాడికి దినమూ అన్నంలోకి ఏది ప్రాణం' అని అడుగుతారు. వేడి అన్నం, ముద్దపప్పు, మీద నెయ్యి, పక్కన ఆవకాయ అని వాళ్లే జవాబు చెప్పుకుంటారు. ఎవరీ తెలుగువాడు? ఆదోని, పత్తికొండ, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లోని మాలవాడ, మాదిగవాడ ఆ జవాబులో ఎక్కడుంది?

అన్నలారా, అక్కలారా! మన ఇండ్లల్లో ఏది మేలని ఎంచుకునే తగువు ఎన్నడూ లేదు. ఏది ఉంటే అదే. జొన్నసంగటికైనా కొర్రబువ్వకైనా నంజుకునేదానికి ఏదో ఒకటి కావాల. శెనక్కాయ చేన్లో పరిగె ఏరుకొచ్చిన గింజలుంటే ఊరిబిండి. ఎర్రగడ్డలు కోసే కూలికి పోయి నాలుగు ఒడిలో వేసుకొస్తే ఎర్రగడ్డ కారం. కాలమొస్తే చింతతొక్కు. గట్టుమీద దొరికితే గోగాకు. ఇవేవీ లేని దినం ఎండుమిరపకాయలు, ఉప్పు నూరితే గొడ్డుకారం. నూనెచుక్క పడితే ఆ పూట పండగ. పెద్దకూర ఎండుతునకలు కాల్చి దంచి కారంలో కలిపితే ఆ రుచి ఏందో మనకు తెలుసు. ఏ టీవీ వంటలోనైనా దాని పేరు విన్నారా?

రాయలసీమోళ్లకు కారం ఇష్టమంట, రోషం ఎక్కువంట! రోషం కాదు సామీ, పప్పు కొనే దుడ్లు లేక. ముద్ద పెద్దది, కూర లేదు. నాలుక మండితే నీళ్లూరి ముద్ద గొంతు దిగుతుంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినాక సంగటి తగ్గి అన్నం వచ్చింది. ముద్ద తెల్లబడింది గానీ దాంట్లోకి మాత్రం అదే కారం.

తిండికి కులమేందని అడిగే పెద్దమనుషులకు బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే జవాబు రాసిపెట్టినాడు. 'కులనిర్మూలన'లో జైపూరు సంస్థానంలోని చక్వారా గ్రామం సంగతి ఉంది. యాత్ర చేసి వచ్చిన అంటరానివాడొకడు తనవాళ్లకు విందు పెట్టినాడు. వంటకాల్లో నెయ్యి ఉంది. వందలమంది హిందువులు లాఠీలతో వచ్చి తిండి పాడుచేసి, తింటున్నవాళ్లను కొట్టి తరిమినారు. పెట్టిందీ వాళ్లే, తిన్నదీ వాళ్లే. నేరమల్లా నెయ్యి! అది పెద్దకులాల హోదా గనక అంటరానివాడు ముట్టగూడదు.

ఇప్పుడు ఆ నెయ్యి తిన్నోళ్లకే మన సంగటి కావాల. హైదరాబాదులో, బెంగుళూరులో 'రాయలసీమ రుచులు' అని బోర్డులు. రాగిసంగటి, ఊరిబిండి, కారందోసె! మన సద్దిమూటలో ఉన్నన్నాళ్లూ అది కూలోళ్ల తిండి. ఏసీ హోటలు పళ్లెంలోకి పోతానే వారసత్వం. తినండి, మేము వద్దనడంలేదు. ఒక్కటే అడుగుతాం. అదే కారం మా అక్క తన చేత్తో నూరి బడిలో పెడితే మీ బిడ్డను తిననిస్తారా?

బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్ల, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు ఆదేశించింది. మేము బడిపంతుళ్లం, చూసిందే చెప్తాండాం. మాదిగ ఆడమనిషి పొయ్యికాడ నిలబడిన దినం కొందరు పిల్లోళ్లు ఇంటినుంచి క్యారియరు తెస్తారు. పసిబిడ్డకు ఏం తెలుసు? ఇంట్లో చెప్పి పంపుతారు. ఆ తర్వాత ఆమెకు అంట్లు తోమే పని మిగులుతుంది, గరిటె ఇంకొకరి చేతికి పోతుంది.

మనవాళ్లకూ ఒక మాట. కారమే మన సంస్కృతి అని మురిసేవాళ్లు బయల్దేరినారు. రుచి మన అమ్మల పనితనమే. దాన్ని చూసి సిగ్గుపడే పనిలేదు, సద్దిగిన్నెకు మూత అడ్డంపెట్టుకొని తినే పిల్లలకు ఈ మాట చెప్పండి. అయితే లేమిని పండగ చేసుకోవద్దు. వట్టి కారంతో రక్తం పట్టదు. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు పప్పు కావాల, గుడ్డు కావాల, ఆకుకూర కావాల. కారంముద్ద మింగి వచ్చిన బిడ్డ పలకమీద తూగేది మేము చూస్తాండాం.

ఇంకొకటి. మాలవాడకూ మాదిగవాడకూ మధ్య కారంగిన్నె పోతాందా? పోకపోతే రెడ్డిని, కమ్మను అడిగే నోరు మనకు ఎక్కడిది?

అందుకని మీ ఊరి బడిలో ఎవరు వండుతాండారో, గరిటె ఎవరి చేతిలో ఉందో చూడండి. 2004 ఏప్రిల్ 20 నాటి ఆదేశం ప్రస్తావించి ఎంఈఓకు అర్జీ రాయండి, నకలు దగ్గర పెట్టుకోండి. ఈసారి సంఘం మీటింగుకు ఇంటికొక కారం తెచ్చి, రెండు వాడలూ ఒక్క పంక్తిలో కూర్చొని తినండి.

ఆవకాయ మేలో ఊరిబిండి మేలో, అన్నీ మన పళ్లెంలోకి వచ్చిన దినం తీరిగ్గా చెప్తాం. ముందు గరిటె సంగతి తేల్చండి!

జై భీమ్!