ఆరు కత్తులు వద్దు, పదునున్న ఒక్కటి చాలు

ఈసారీ మా పోస్టు పొడుగే. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన ఆదివారం కమిటీలో ఉగాదికి ఇంటింటికీ ఏం కానుక ఇవ్వాలా అని మాటొచ్చింది. పోయినేడు స్టీలు డబ్బా, అంతకుముందు గోడగడియారం. ఈ ఏడు ఆరు కత్తుల పెట్టె అట. చెక్క దిమ్మలో గుచ్చి, రంగురంగుల పిడులతో, పెట్టె ఆరువందలు. టోకున కొంటే ఇంకా తగ్గిస్తారట. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అంటే అందరూ ఎత్తారు. మేము ఎత్తలేదు. ఎందుకో చెప్పబోతే టైమైపోయింది అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మేమంటే మా ఇంట్లో ఇద్దరం. రాసేది రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు రాసిన చెయ్యి. పక్కన కూర్చుని చెబుతున్నది నలభై ఏళ్ళుగా కూరలు తరిగిన చెయ్యి. మా చదువంతా తమిళ మీడియం. తెలుగు చదవడం ఇంట్లో చందమామ పట్టుకుని నేర్చుకున్నదే. కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి. కత్తుల విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

కత్తి కానుకగా ఇస్తే బంధం తెగుతుందని, చేతిలో రూపాయి పెట్టించుకుని ఇవ్వాలని పెద్దవాళ్ళు అంటారు. మా అభ్యంతరం అది కాదు. మా ఇంట్లో తెగింది బంధం కాదు, వేలు.

మూడేళ్ళ కిందట టీ.నగర్లో ఒక పెద్ద అంగట్లో ఇలాంటి పెట్టే కొన్నాం. ఆరింటిలో ఒకటి బ్రెడ్డు కోయడానికి. మా ఇంట్లో బ్రెడ్డు కొనేది జ్వరమొస్తేనే, అదీ కోసి అమ్మేదే. ఇంకొకటి ఎముకల దగ్గర మాంసం తీయడానికి. మేము శాకాహారులం. చివరికి రోజూ చేతికొచ్చినవి రెండే. అవి ఆరు నెలలకే మొద్దుబారాయి. ఆ ఏడు పొంగలి పండగకి మా కోడలు తీపిగుమ్మడికాయ, అదే ఇక్కడివాళ్ళ పరంగికాయ, కోస్తుంటే కత్తి తొక్క మీద జారింది. ఎడమచేతి చూపుడువేలికి మూడు కుట్లు. చూడొచ్చినవాళ్ళందరూ ఒకటే మాట: "కత్తి అంత పదునుగా పెట్టుకుంటారా?"

కాదండీ! పదును లేకనే తెగింది. పదునున్న కత్తి పెట్టినచోట దిగుతుంది. మొద్దు కత్తి దిగదు, కాబట్టి బలమంతా పెట్టి నొక్కుతాం. నొక్కితే జారుతుంది. జారితే ఆ బలమంతా వేలి మీద పడుతుంది. కమిటీలో ఒక పెద్దాయన "వయసైనవాళ్ళ ఇళ్ళలో పదును కత్తులెందుకు" అన్నారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ చేతిలో బలం తగ్గినవాళ్ళకే పదును ఎక్కువ కావాలి. ఆరోజు చెయ్యెత్తినవాళ్ళలో రోజూ కూర తరిగేవాళ్ళు ఎందరో ఎవరికి వారే లెక్క వేసుకోండి.

ఇక డబ్బు సంగతి. ఆఫీసులో కొటేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చినవాళ్ళం మేము. ఆరు కత్తులు ఆరువందలు, అంటే ఒక్కోటి వంద అని లెక్క వేయడం పొరపాటు. వాడేవి రెండే అయితే ఒక్కోటి మూడువందలు పడినట్టు. అదే మూడువందలు ఒక్క కత్తి మీద పెడితే ఎంత మంచిది వస్తుందో అంగడికెళ్ళి చూడండి.

చిన్న కుటుంబానికి రెండు కత్తులు చాలు. ఆరేడు అంగుళాల అలుగుతో ఒకటి, మూడు నాలుగు అంగుళాలది ఒకటి. కొనేటప్పుడు రంగు చూడకండి, ఇవి చూడండి. ఒకటి, అలుగు ఉక్కు పిడి చివరిదాకా పోయిందా? పోతే పిడి అంచున ఉక్కు కనిపిస్తుంది, మేకులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ పిడిలో రెండంగుళాలు దూర్చి వదిలేసింది ఒకరోజు ఊడి చేతిలోకి వస్తుంది. రెండు, కంటి దగ్గర పెట్టుకుని అంచు వెంట చూడండి, వంకర ఉండకూడదు. మూడు, పెద్ద కత్తిని బల్ల మీద ఆనించి పట్టుకుంటే వేళ్ళ కణుపులు బల్లకి తగలకూడదు. తగిలితే ఆ అలుగు వెడల్పు మీ చేతికి చాలదు. నాలుగు, తరిగేవాళ్ళనే అంగడికి తీసుకెళ్ళండి. పిడి ఎవరి చేతికి కుదరాలో వాళ్ళే కదా చెప్పాలి.

రంపంలాగా పళ్ళున్న కత్తి "ఎప్పటికీ సాన అక్కర్లేదు" అని అమ్ముతారు. అసలు సంగతేమిటంటే దానికి ఇంట్లో సాన పట్టలేం. తెల్లటి సెరామిక్ కత్తీ అంతే. పదును చాలాకాలం నిలుస్తుంది గానీ కింద పడితే పెచ్చు ఊడుతుంది, సాన పట్టాలంటే వజ్రపు పొడి పూసిన రాయి కావాలి.

ఉక్కులో రెండు జాతులు. స్టెయిన్‌లెస్ అంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలిసినది. తుప్పు సులభంగా పట్టదు. కొలిమిలో చేసే మామూలు ఉక్కు కత్తికి పదును త్వరగా ఎక్కుతుంది గానీ, తుడవకుండా పెడితే తెల్లారేసరికి తుప్పు. నిమ్మకాయ కోస్తే కత్తి నల్లబడుతుంది, అరటిపువ్వు కోస్తే పువ్వే నల్లబడుతుంది. తుడిచి నూనెచెయ్యి రాసే ఓపిక ఉంటే అది కొనండి, లేకపోతే స్టెయిన్‌లెస్ కొనండి. రెండూ మంచివే.

విదేశాల్లో ఉన్న పిల్లలు జపాన్ కత్తులు తెస్తున్నారు. గొప్ప కత్తులే, కాదనం. వాటి ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో చాలావరకు 60 పైమాటే. జర్మనీవి సుమారు 56 నుంచి 58. గట్టిదనం ఎక్కువైతే పదును నిలుస్తుంది, కానీ అంచు పెళుసు. దాంతో కొబ్బరిచిప్ప కొట్టినా, ఆవకాయకి టెంక నరికినా అంచు పెచ్చు లేస్తుంది. ఆ మాటకొస్తే టెంక నరకడానికి వంటింటి కత్తి ఏదీ పనికిరాదు. దానికి మామిడికాయ కత్తిపీట వేరే ఉంది.

మామూలు కత్తిపీట సంగతి అడుగుతారని తెలుసు. అరివామణై అన్నా అదే. రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి, అంతకంటే మంచి పనిముట్టు లేదు. కానీ కింద కూర్చోవాలి. మా ఇంట్లో మోకాళ్ళు ఒప్పుకోక మానేశాం. కూర్చోగలిగినవాళ్ళు దాన్ని పాత ఇనుముకి వేయకండి.

అయితే మా అసలు మాట ఇది: డబ్బు పెట్టాల్సింది కత్తి మీద కాదు, పదును మీద. రెండువేల కత్తైనా గ్రానైట్ గట్టు మీదా, స్టీలు పళ్ళెంలోనూ కోస్తే కొన్నాళ్ళకే మొద్దు. చెక్కో ప్లాస్టిక్కో పలక కావాలి. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న సానరాయి హార్డ్‌వేర్ అంగట్లో దొరుకుతుంది. రాయిని తడిపి, కత్తిని నిలువుగా పెడితే 90 డిగ్రీలు. సగం వంచితే 45. అందులో సగం వంచి, ఇంకొక్క పిసరు దించితే 20. ఆ వాలు మారకుండా గరుకువైపు ఒక పక్క రుద్దండి. రెండో పక్క అంచున వేలికి గరుకు తగిలాక తిప్పి రెండో పక్క రుద్దండి. తర్వాత నునుపువైపు మెల్లగా. వేలిని అంచు వెంట కాదు, అడ్డంగా బయటికి జరిపి చూడాలి. రాయి లేదా? ఊరగాయ జాడీ బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది. అప్పటికి అదే సాన.

చేతకానివాళ్ళకి సాన పట్టే మనిషి ఉన్నాడు. కోడంబాక్కం సందుల్లో సైకిలు చక్రం తొక్కుతూ "కత్తి సాణై" అని అరుచుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు రావడం లేదు అంటున్నారు. ఎందుకు రావడం లేదు? మా ఫ్లాట్ల గేటుకి "బయటి వ్యాపారులకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టాం కదా! ఆ తీర్మానం కింద మేమూ సంతకం పెట్టాం. దాచుకునేదేమీ లేదు. ఆరోజు దొంగల భయం అన్నారు, సరే అనుకున్నాం. ముప్పై రూపాయలకి కత్తి బాగుచేసే మనిషిని గేటు బయట నిలబెట్టి, ఆరువందలకి కొత్త పెట్టె లోపలికి తెచ్చుకుంటున్నాం. మా కోడలి వేలికి పడిన కుట్లలో ఒకటి మా సంతకానిదే అని మాకు ఇప్పుడు అనిపిస్తోంది.

కాబట్టి మా ప్రతిపాదన. కత్తుల పెట్టె మానండి. ఇంటికొక సానరాయి ఇవ్వండి, ఆరువందల్లో సగం కూడా కాదు. ఉగాది ముందు ఒక ఆదివారం, దసరా ముందు ఒక ఆదివారం సాన పట్టే మనిషిని సంఘం హాలుకి పిలిచి, అందరి కత్తులకీ సంఘం డబ్బుతోనే పట్టించండి. చక్రం వేగంగా తిరిగితే అంచు కాలి నీలిరంగు తిరుగుతుంది, ఉక్కు మెత్తబడుతుంది. మధ్యమధ్య నీళ్ళలో ముంచమని పక్కన నిలబడి చెప్పే పని మాది. మా గేటు బోర్డు సంగతి మా ఫ్లాట్ల మీటింగులో మేమే ఎత్తుతాం.

వచ్చే ఆదివారం మళ్ళీ చేతులెత్తమంటారు. ఎత్తేముందు మీ ఇంటి కత్తితో బాగా పండిన ఒక టొమాటో, నొక్కకుండా, మీ చేత్తోనే కోసి రండి.