ఊరు తీసి తోట వేసి

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ నగరం పక్కన డె హార్ అనే కోట ఉంది. చుట్టూ నీటి కందకం, ఎర్ర ఇటుక బురుజులు, కోసుగా లేచిన కప్పులు. దాని గురించి ఎవరు రాసినా, ఎవరు వీడియో తీసినా "కథల పుస్తకంలోంచి దిగొచ్చిన కోట" అనకుండా వదలరు. నా పేచీ ఆ మాటతోనే. కోట బాగోలేదని కాదు, బాగుంది. ఎవరిని లేపేస్తే అంత బాగైందో చెప్పకుండా మురిసిపోవడంతోనే గొడవ.

పాత చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1391 నాటికే హార్ వంశం పేరు రికార్డుల్లో ఉంది. 1440లో పెళ్ళి సంబంధం వల్ల ఆస్తి జౌలెన్ కుటుంబానికి వచ్చింది. 1482లో కోట తగలబడింది. మళ్ళీ కట్టారు, మళ్ళీ పాడుబడింది. 1890లో బ్యారన్ ఎటియెన్ వాన్ జౌలెన్‌కి వారసత్వంగా దక్కింది మొండిగోడలే. ఆయనకి బిరుదుంది. కోటకి కావలసిన డబ్బు మాత్రం భార్య ఎలెన్‌ది, రాత్స్‌చైల్డ్ బ్యాంకర్ల ఇంటి ఆడపడుచు. (ఈవిడ మీద విడిగా ఒక వ్యాసం రాయాలి అసలు. 1898లోనే మోటారు రేసులో పాల్గొంది. కవయిత్రి రెనే వివియెన్‌తో కలిసి ఒకే కలం పేరుతో పుస్తకాలు రాసింది.)

1892 నుంచి 1912 దాకా పని సాగింది. ఆర్కిటెక్టు పియర్ కౌపర్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియం, సెంట్రల్ స్టేషన్ కట్టినాయన. 200 గదులు, 30 బాత్రూములు, సొంత జనరేటరుతో కరెంటు దీపాలు, ఆవిరితో వెచ్చబెట్టే ఏర్పాటు. అంటే మనం సెల్ఫీ దిగే ఈ "మధ్యయుగపు" కోట చాలామటుకు ఆ రైల్వే స్టేషన్ కన్నా వయసులో చిన్నది. దాన్ని నకిలీ అని తీసిపారేసేవాళ్ళున్నారు. నేను వాళ్ళ జట్టు కాదు. కౌపర్స్ కొత్త గోడలకి వేరే రకం ఇటుక వాడాడు, ఎంత పాతదో ఎంత కొత్తదో తెలియాలని. ఆ మాత్రం నిజాయితీ గోడల్లో ఉంది.

తోటలో లేదు. బ్యారన్ గారికి కోట చుట్టూ పార్కు కావాలి. ఆ జాగాలో హార్‌జౌలెన్స్ అనే ఊరుంది. ఊరిని పడగొట్టారు, ఒక్క చర్చి తప్ప. కిలోమీటరు పైచిలుకు దూరంలో కొత్త ఊరు కట్టి జనాన్ని అక్కడికి పంపారు. ఖాళీ అయిన నేల మీద హెండ్రిక్ కోపైన్ పార్కు గీశాడు. మొక్కలు నాటితే పెరిగేదాకా ఎవరాగుతారు? నలభయ్యేళ్ళ వయసున్న చెట్లు, 7000, ఉట్రెక్ట్ వీధుల గుండా మోయించి తెచ్చి పాతారు. నలభయ్యేళ్ళు కొనుక్కున్నాడన్నమాట. ల్యాండ్‌స్కేప్ తోట విద్యే అది: మనుషులు చచ్చేంత చాకిరీ చేసి, ఎవరూ ఏమీ చేయనట్టు, ఆ వాగు వంపూ ఆ చెట్ల గుంపూ ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు కనిపించేలా చేయడం. అందుకే అక్కడ ఊరుండేదని చెప్పకపోతే ఎవరికీ తట్టదు.

"మంచి ఇళ్ళు కట్టించాడు కదా" అంటారు. కట్టించాడు. ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. కాకపోతే అవి కూడా కోటకి జతగా పాతకాలపు వేషం కట్టిన ఇళ్ళే. కిటికీ రెక్కల మీద ఎరుపూ తెలుపూ, దొరగారి రంగులు. మంచి ఇల్లు ఇవ్వడం వేరు, నా కిటికీలోంచి నువ్వు కనబడకూడదు అనడం వేరు. మొదటిది రెండోదానికి నష్టపరిహారం కావొచ్చేమో గానీ జవాబు కాదు.

సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి క్రియాపదాల దగ్గర కాసేపు ఆగుదాం. రెండో ప్రపంచ యుద్ధంలో పొయ్యిలోకి కట్టెల్లేక జనం ఆ తోటలో చెట్లు కొట్టుకున్నారు. ఆ నేలలో కూరగాయలు పండించుకున్నారు. దీన్ని చెప్పేటప్పుడు తోట "నాశనమైంది" అంటారు. తర్వాత దానికి "పూర్వ వైభవం" తెచ్చారంటారు. మరి ఊరి సంగతికొస్తే? ఊరు "తరలింది". గులాబీలుండే చోట కూర మొలిస్తే నాశనం, చర్చి మినహా ఊరంతా నేలమట్టమైతే తరలింపు! ఎవరి కిటికీలోంచి చూస్తూ ఈ వాక్యాలు రాస్తున్నాం మనం? చలికాలంలో కడుపు నింపిన ఆ కూరగాయల మడులే, నన్నడిగితే, ఆ పార్కు చరిత్రలో కాస్త సిగ్గుపడనక్కర్లేని అధ్యాయం.

2000లో కుటుంబం కోటనీ తోటల్నీ ఒక ఫౌండేషన్‌కి అప్పగించింది. ఏటా ఒక నెల వచ్చి ఉండే హక్కు మాత్రం అట్టే పెట్టుకుంది. తమ జ్ఞాపకాలకి కాగితం మీద చోటు రాయించుకోవడం వాళ్ళకి తెలుసు.

ఎప్పుడైనా వెళ్తే గేటు దాటగానే కోట వైపు పరిగెత్తకండి. ముందు ఆ చర్చి దగ్గరికి వెళ్ళండి. చర్చి అన్నాక చుట్టూ వీధులుండాలి, ఆదివారం పూట పలకరింపులుండాలి. అక్కడ నిలబడి నాలుగు వైపులా చూడండి. గడ్డి, నీళ్ళు, చాలా అందమైన చెట్లు.