ముందు డ్రైవింగ్ నేర్చుకోండి, గేర్లు తర్వాత!

కారు నేర్చుకుంటున్నా అని ఇంట్లో గానీ, ఆఫీసులో గానీ చెప్పి చూడండి. వెంటనే ఒకే సలహా వస్తుంది. "ముందు గేర్ బండి మీద నేర్చుకో. ఆటోమేటిక్‌దేముంది, అది ఎవరైనా నడుపుతారు!"

ఈ సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది మంచి డ్రైవర్లే. వాళ్ల ఉద్దేశం కూడా మంచిదే. కానీ 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో వచ్చి, చిన్న బడ్జెట్ కార్లలోకి ఆటోమేటిక్‌ని తీసుకొచ్చాక కూడా మనం ఇదే సలహా పట్టుకుని వేలాడుతున్నాం. నా మాట సూటిగా చెప్పేస్తా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదటి వారం రోజులు ఆటోమేటిక్ కారే కరెక్ట్. గేర్లు ఆ తర్వాత. అంటే గేర్లు అస్సలు వద్దని కాదు, ఆర్డర్ మార్చమంటున్నా అంతే. ఎందుకో చూద్దాం.

క్లచ్ నేర్పుతున్నారు, రోడ్డు నేర్పడం లేదు

మాన్యువల్ కారులో మొదటి రోజు కూర్చున్న మనిషి బుర్రలో ఏం నడుస్తుంటుందో ఒకసారి ఊహించుకోండి. ఎడమ కాలు క్లచ్ మీద. కుడి కాలు బ్రేక్‌కీ యాక్సిలరేటర్‌కీ మధ్య అటూ ఇటూ. ఎడమ చేయి గేర్ రాడ్ మీద. కుడి చేతిలో స్టీరింగ్. చెవులు ఇంజిన్ సౌండ్ మీద. బండి ఆగిపోతుందేమో అన్న భయం ఒకటి, వెనకాల హారన్లు ఇంకొకటి. ఇక అద్దాలు ఎప్పుడు చూస్తాడు? ఎడమ వైపు నుంచి దూరే బైక్ ఎప్పుడు కనిపిస్తుంది? డివైడర్ కట్ దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోని ఎప్పుడు గమనిస్తాడు?

ఫోన్ భాషలో చెప్పాలంటే 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఒకేసారి పది యాప్స్ ఓపెన్ చేసినట్టు. ఏదో ఒకటి హ్యాంగ్ అవ్వాల్సిందే. కొత్త డ్రైవర్ విషయంలో హ్యాంగ్ అయ్యేది ఎప్పుడూ అద్దాలు చూడటమే.

మన డ్రైవింగ్ స్కూళ్ల ప్యాకేజీ చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. చాలా చోట్ల పదిహేను, ఇరవై రోజులు, రోజుకి అరగంట లెక్క. అందులో మొదటి వారమంతా "క్లచ్ మెల్లగా వదులు... మెల్లగా... అరె, ఆగిపోయింది!" దగ్గరే అయిపోతుంది. రెండో వారానికి బండి కదలడం వస్తుంది. మూడో వారానికి ట్రాక్ మీద ఎనిమిది, హెచ్ ప్రాక్టీస్. ఆ తర్వాత టెస్ట్, లైసెన్స్. లేన్ మారడం, రౌండ్ అబౌట్‌లో ఎవరికి దారివ్వాలి, వానలో బ్రేక్ ఎంత ముందు వెయ్యాలి, రాత్రి ఎదురుగా హైబీమ్ కొడితే చూపు ఎక్కడ పెట్టాలి... ఇవన్నీ ఎవరు నేర్పుతారు? ఎవరూ నేర్పరు. రోడ్డే నేర్పాలి, అదీ మన ఖర్చుతో.

మా పిన్ని కూతురు కూకట్‌పల్లిలో ఇలాగే నేర్చుకుంది. ఫీజు కట్టేముందే "మీ దగ్గర ఆటోమేటిక్ ఉందా?" అని అడిగితే, ఆ స్కూల్ ఆయన నవ్వి, "ముందు గేర్ రానివ్వండి మేడమ్, తర్వాత చూద్దాం" అన్నాడట. లైసెన్స్ వచ్చింది. బావ కారు పార్కింగ్‌లోనే ఉంటుంది. కానీ నాలుగేళ్లలో ఆ కారు తాళం తను ముట్టుకోలేదు. అడిగితే ఒక మాటంది: "ఒరేయ్, నాకు లైసెన్స్ వచ్చింది గానీ డ్రైవింగ్ రాలేదురా. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకాల వాళ్లు తిట్టే తిట్లు తలుచుకుంటేనే చెమటలు పడతాయి."

పోయినేడాది వాళ్లింటికి ఏఎంటీ కారు వచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆరింటికి రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని నడిపించా. మూడో ఆదివారానికి అద్దాలు చూస్తోంది, ఇండికేటర్ వేసి లేన్ మారుతోంది. ఇప్పుడు పిల్లాడిని స్కూల్లో దింపి, అక్కడి నుంచి రాయదుర్గం ఆఫీసుకి తనే వెళ్తోంది. క్యాబ్ క్యాన్సిల్ అయిందని రోడ్డు మీద నిలబడే పని లేదు. నాలుగేళ్లు ఆపింది తన చేతగానితనం కాదు, ఎడమ కాలు కింద ఉన్న ఒక్క పెడల్.

లోపల అసలు ఏం జరుగుతుంది?

"ఆటోమేటిక్" అన్న ఒక్క పేరుతో మన దగ్గర నాలుగైదు రకాల టెక్నాలజీలు అమ్ముతున్నారు. స్పెక్స్ చూడకుండా ఫోన్ కొనం కదా, ఇదీ అంతే.

ఏఎంటీ: ఇది లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. అదే క్లచ్ ప్లేట్, అవే గేర్లు. కాకపోతే మన కాలూ చేయీ చేసే పనిని కంప్యూటర్ చెప్పినట్టు యాక్చువేటర్లు చేస్తాయి. తక్కువ ధరకి దొరకడానికి కారణం ఇదే. గేర్ మారేటప్పుడు తల కాస్త ముందుకి ఊగినట్టు అనిపించడానికీ కారణం ఇదే.

టార్క్ కన్వర్టర్: ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ బదులు ఆయిల్ ఉంటుంది. స్మూత్‌గా ఉంటుంది, ట్రాఫిక్‌ని బాగా తట్టుకుంటుంది.

సీవీటీ: విడివిడి గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక బెల్ట్. గట్టిగా తొక్కితే ముందు సౌండ్ వస్తుంది, స్పీడ్ కాస్త ఆగి వస్తుంది.

డీసీటీ: రెండు క్లచ్‌లు. ఒకటి బేసి గేర్లకి, ఇంకొకటి సరి గేర్లకి. షిఫ్టింగ్ చాలా ఫాస్ట్. కానీ డ్రై క్లచ్ రకమైతే, గంటల తరబడి ఇంచు ఇంచు కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కే సమస్య ఉంటుంది.

ఇక ఈవీల సంగతి. క్లచ్ లేదు, మార్చడానికి గేర్లు లేవు. మోటార్ సున్నా నుంచే ఫుల్ టార్క్ ఇస్తుంది కాబట్టి వాటి అవసరమే లేదు. ఇవాళ పద్దెనిమిదేళ్లున్న కుర్రాడు ఇంకో పదేళ్లకి కొనే కారులో క్లచ్ పెడల్ ఉంటుందా అంటే నాకైతే డౌటే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆటోమేటిక్ నడిపేవాళ్లకి బండి గురించి ఏమీ తెలియక్కర్లేదు అన్న మాట తప్పు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు చాలామంది బ్రేక్ వెయ్యకుండా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి బండిని అలాగే నిలబెడతారు. మాన్యువల్‌లో దీన్నే హాఫ్ క్లచ్ అంటాం, ప్లేట్ అరిగిపోతుందని తిడతాం. ఏఎంటీలోనూ, డీసీటీలోనూ ఉన్నది క్లచ్ ప్లేటే కాబట్టి అక్కడా అరుగుతుంది. పెడల్ కనిపించట్లేదు కదా అని క్లచ్ లేదనుకోకూడదు.

మాన్యువల్ వాళ్ల పాయింట్లు కూడా న్యాయమైనవే

అవతలి వాదన కొట్టిపారేసేది కాదు. నేను ఒప్పుకునేవి మూడున్నాయి.

మొదటిది, ఊళ్లో ఎప్పుడు ఏ బండి నడపాల్సి వస్తుందో తెలియదు. అర్ధరాత్రి పెద్దాయనకి గుండెనొప్పి వస్తే పక్కింటివాళ్లు తాళం ఇస్తారు. అది గేర్ బండే అయ్యుంటుంది. అప్పుడు "నాకు ఆటోమేటిక్ మాత్రమే వచ్చు" అంటే కుదరదు. దీనికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. అందుకే గేర్లు వద్దనడం లేదు, తర్వాత నేర్చుకోమంటున్నా.

రెండోది ఘాట్ రోడ్లు. తిరుమల నుంచి దిగేటప్పుడు, అరకు వెళ్లొచ్చేటప్పుడు, మారేడుమిల్లి రూట్‌లో బండిని లో గేర్‌లో ఉంచి ఇంజిన్‌తోనే స్పీడ్ ఆపాలి. అదేపనిగా బ్రేక్ తొక్కితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. గేర్ బండి నడిపినవాళ్లకి ఇది అలవాటుగా వస్తుంది. ఆటోమేటిక్ వాళ్లు 'డీ'లో పెట్టి దిగిపోతారు. నిజానికి చాలా ఏఎంటీల్లో ప్లస్, మైనస్ మాన్యువల్ మోడ్ ఉంటుంది, సీవీటీల్లో 'ఎల్' లాంటిది ఉంటుంది, ఈవీల్లో రీజెన్ ఉంటుంది. ఫీచర్ బండిలోనే ఉంది, వాడటమే ఎవరూ చెప్పరు. ఇంకో మాట: పెట్రోల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసేవాళ్లు గేర్ బండి సీనియర్లలోనే ఎక్కువ. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉండి కాలు తీసేస్తే ఇంధనం సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఐడిల్‌లో తాగుతూనే ఉంటుంది. పెట్రోల్ మిగలదు, ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది.

మూడోది, బ్యాటరీ డౌన్ అయితే గేర్ బండిని నలుగురు కలిసి తోసి, సెకండ్‌లో క్లచ్ వదిలి స్టార్ట్ చెయ్యొచ్చు. ఆటోమేటిక్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. జంపర్ కేబులే గతి.

వేరే దేశాలు ఏం చేశాయి?

యూకేలో ఆటోమేటిక్ కారులో టెస్ట్ పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. మాన్యువల్‌లో పాసైతే రెండూ నడపొచ్చు. జపాన్‌లో 1991 నుంచే ఆటోమేటిక్‌కి విడిగా లైసెన్స్ ఉంది. మాస్టర్స్ కోసం యూకే వెళ్లే మన పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. అమెరికా వెళ్లేవాళ్లకి ఈ గొడవ లేదు, అక్కడ గేర్ బండి కనిపించడమే అరుదు.

నాకు బాగా నచ్చింది జర్మనీ పద్ధతి. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ టెస్ట్ ఆటోమేటిక్‌లో ఇవ్వొచ్చు. దాంతో పాటు డ్రైవింగ్ స్కూల్లో మాన్యువల్ కారు మీద కనీసం పది క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు, ఆ తర్వాత 15 నిమిషాల చిన్న టెస్ట్ పూర్తి చేస్తే చాలు, రెండు రకాల కార్లూ నడపొచ్చు. ఆటోబాన్ ఉన్న దేశమే గేర్లు మార్చడాన్ని పది క్లాసుల్లో వచ్చే ఒక విడి స్కిల్‌గా ఒప్పుకుందంటే, మనకెందుకు ఇంత పట్టుదల?

మన దగ్గర రూల్ ఇంకో రకం వింత. టూవీలర్‌కి గేర్ ఉన్నది, గేర్ లేనిది అని 1988 మోటారు వాహనాల చట్టంలోనే వేర్వేరు లైసెన్సులున్నాయి. కారు దగ్గరికి వచ్చేసరికి ఒకటే ఎల్‌ఎంవీ. ఆటోమేటిక్ మీద టెస్ట్ ఇచ్చినవాడు మర్నాడే గేర్ బండి తీసుకుని హైవే ఎక్కొచ్చు, చట్టం అడ్డుకోదు. రివర్స్‌లో కూడా ప్రమాదమే. గేర్ బండి అలవాటున్నవాడు మొదటిసారి ఆటోమేటిక్ ఎక్కితే, ఎడమ కాలు క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేక్ పెడల్‌ని బలంగా తొక్కేస్తుంది. వెనకాల బస్సుంటే అంతే సంగతులు. "ఆటోమేటిక్ ఎవరైనా నడుపుతారు" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. అది కూడా నేర్చుకోవాలి. ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి, రెండు పెడల్సూ కుడి కాలుతోనే. పార్కింగ్‌లో కాలు బ్రేక్ మీద పెట్టే గేర్ మార్చాలి. బ్రేక్ వదిలితే చాలా ఆటోమేటిక్‌లు వాటంతటవే మెల్లగా పాకుతాయని ముందే తెలియాలి.

మరి ఏం చెయ్యాలి?

ఎల్‌ఎల్‌ఆర్ రాగానే తెలిసినవాళ్ల ఆటోమేటిక్ ఏదైనా దొరుకుతుందేమో చూడండి, లేదా ఆటోమేటిక్ ఉన్న స్కూల్ వెతకండి. పెద్ద సిటీల్లో ఇప్పుడు దొరుకుతున్నాయి. లైసెన్స్ ఉండి అనుభవమున్న మనిషి పక్కన ఉండాలి, ఎల్ బోర్డు పెట్టాలి. మొదటి ఏడెనిమిది రోజులు స్టీరింగ్, బ్రేక్, అద్దాలు, లేన్, దూరం అంచనా... వీటి మీదే ఉండండి. అప్పుడు గేర్ బండికి మారండి. రోడ్డు చదవడం అప్పటికే వచ్చేసి ఉంటుంది కాబట్టి నేర్చుకోవాల్సింది క్లచ్ ఒక్కటే. ఖాళీ గ్రౌండ్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కటే మెల్లగా వదులుతూ బండిని కదిలించడం పది పన్నెండు సార్లు చెయ్యండి. ఎక్కడ పట్టుకుంటుందో పాదానికే తెలిసిపోతుంది. తర్వాత ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్‌తో ఆపి, వెనక్కి జారకుండా ఎక్కించడం. ఇవి రెండూ వస్తే గేర్ బండి వచ్చినట్టే.

స్కూల్‌లో గేర్ బండి తప్ప ఇంకేమీ లేకపోతే, కనీసం ఒక కండిషన్ పెట్టండి. చివరి ఐదు క్లాసులు ట్రాక్ మీద కాదు, సాయంత్రం ట్రాఫిక్‌లో కావాలని అడగండి. డబ్బులు కట్టేది మీరు, అడిగే హక్కు మీది.

కొనే విషయానికొస్తే, రోజూ సిటీలో గంట దాటి నడిపేవాళ్లకి నా ఓటు ఆటోమేటిక్‌కే. బడ్జెట్ టైట్‌గా ఉంటే ఏఎంటీ, కాస్త పెట్టగలిగితే టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ. నెలకి రెండుసార్లు ఊరికి వెళ్లడానికే కారు కావాలంటే మాన్యువల్ తీసుకుని ఆ మిగిలిన డబ్బుతో సైడ్ ఎయిర్‌బ్యాగ్స్ ఉన్న వేరియంట్‌కి వెళ్లండి. గేర్ మార్చడంలో ఉన్న మజా కోసమే మాన్యువల్ కొంటానంటారా? భేషుగ్గా కొనండి, ఆ మజా నాకూ తెలుసు. కానీ ఆ మజాని కొత్తవాళ్లకి ఎంట్రన్స్ ఎగ్జామ్‌గా పెట్టకండి. ఇంట్లో లైసెన్స్ ఉండి కారు తీయని అక్కో, అమ్మో, తమ్ముడో ఉంటే, ఈ ఆదివారం పొద్దున్నే ఒక ఆటోమేటిక్ తాళం వాళ్ల చేతిలో పెట్టి, మీరు పక్క సీట్లో కూర్చోండి.